ప్లగిన్ హైబ్రిడ్‌కి ఒక మైలేజ్ కాదు, రెండు మైలేజ్‌లు రాయాలి

కారు అనగానే మనవాళ్ల నోట మొదట వచ్చే ప్రశ్న "మైలేజ్ ఎంతిస్తుంది?" రంగు, సీట్లు, సన్‌రూఫ్ అన్నీ ఆ తర్వాతే. మంచి ప్రశ్నే అది. డబ్బులు ఊరికే రావు, అడగాల్సిందే. కానీ ప్లగిన్ హైబ్రిడ్ కారు విషయంలో ఆ ప్రశ్నకి ఒకే ఒక్క అంకెతో జవాబు వచ్చిందంటే, ఆ చెప్పింది షోరూమ్ కుర్రాడైనా, బ్రోషరైనా, ప్రభుత్వ సర్టిఫికెటైనా సరే, ఆ అంకెని నమ్మి కొనకండి. ఎందుకంటే ఆ కారుకి ఒక మైలేజ్ అంటూ లేదు. రాత్రి కారుని ప్లగ్గుకి తగిలించారా లేదా, పెట్రోల్ బిల్లు ఎవరు కడుతున్నారు, మనలా బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకైతే సొంతూరు ఎంత దూరం, ఈ మూడే దాని మైలేజ్‌ని తేలుస్తాయి. ఇంజన్ పాత్ర వీటి తర్వాతే.

ముందు ఏది ఏమిటో చెప్పేసుకుందాం, ఎందుకంటే హైబ్రిడ్ అన్న ఒక్క స్టిక్కర్ కింద మూడు వేర్వేరు కార్లు తిరుగుతున్నాయి. మైల్డ్ హైబ్రిడ్‌లో మోటారు ఇంజన్‌కి చిన్న సాయం మాత్రమే చేస్తుంది, కారుని తనంతట తాను లాగలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో చిన్న బ్యాటరీ, మోటారు ఉంటాయి. బ్రేక్ వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని, ఇంజన్ దగ్గర మిగిలినదాన్ని దాచుకుని ట్రాఫిక్‌లో ఇంజన్ ఆపేసి నడుస్తుంది. బయట నుంచి కరెంటు ఎక్కించే పని లేదు, ఎక్కించడానికి సాకెట్టూ లేదు. మూడోది ప్లగిన్. దీనికి మామూలుగా 10 నుంచి 20 యూనిట్ల దాకా పట్టే బ్యాటరీ, పెద్ద మోటారు, వాటితో పాటు పూర్తి సైజు పెట్రోల్ ఇంజన్, ట్యాంకు కూడా ఉంటాయి. ఛార్జింగ్ పెడితే మొదటి 40, 50, 60 కిలోమీటర్లు కరెంటు మీదే పోతుంది, అయిపోయాక పెట్రోల్ కారైపోతుంది. ఊళ్లో ఎలక్ట్రిక్, హైవే మీద పెట్రోల్, టెన్షన్ లేదు అని అమ్ముతారు. వినడానికి బాగుంటుంది. నిజంగా బాగుండే ఇళ్లు కూడా ఉన్నాయి, వాటి సంగతి కిందకి వస్తా.

ఆ ఒక్క అంకె ఎలా పుడుతుందో చూస్తే విషయం సగం తేలిపోతుంది. యూరప్‌లో కార్ల మైలేజ్ కొలవడానికి ఎన్‌ఈడీసీ అనే పాత ల్యాబ్ పరీక్ష ఉన్న రోజుల్లో ప్లగిన్ హైబ్రిడ్‌కి ఒక ఫార్ములా వాడేవాళ్లు. కారుని రెండుసార్లు పరీక్షిస్తారు, ఒకసారి బ్యాటరీ నిండుగా, ఒకసారి ఖాళీగా. తర్వాత ఆ రెండిటినీ కలపాలి కదా, దానికి ఒక ఊహ కావాలి. వాళ్ల ఊహ ఏమిటంటే, బ్యాటరీ అయిపోయాక యజమాని ఇంకో 25 కిలోమీటర్లు మాత్రమే నడిపి మళ్లీ ఛార్జింగ్ పెడతాడని. ఇప్పుడు లెక్క వేయండి. కరెంటు మీద 50 కిలోమీటర్లు పోయే కారు, ఖాళీ బ్యాటరీతో వంద కిలోమీటర్లకి 6 లీటర్లు తాగుతుంది అనుకుందాం. అంటే లీటరుకి 16 చిల్లర. ఫార్ములా ప్రకారం మొత్తం 75 కిలోమీటర్లు, అందులో పెట్రోల్ ఖర్చయ్యేది చివరి 25కే, అది లీటరున్నర. 75ని లీటరున్నరతో భాగిస్తే లీటరుకి 50! కాగితం మీద ఎక్కడా అబద్ధం లేదు. 16 ఇచ్చే కారు 50 అయిపోయింది, అంతే.

అదే కారులో బెంగళూరు నుంచి కర్నూలుకి బయల్దేరండి. దారి సుమారు 360 కిలోమీటర్లు. మొదటి 50 కరెంటు, మిగతా 310 పెట్రోల్. పద్దెనిమిదిన్నర లీటర్లు పోతాయి, లీటరుకి 19 పడుతుంది. ఎప్పుడూ ఛార్జింగే పెట్టనివాడికి 16 చిల్లర. రోజూ నలభై కిలోమీటర్లు తిరిగి ఇంటికొచ్చి తగిలించేవాడికి పెట్రోలే ఖర్చు కాదు, అతను మైలేజ్ లెక్క కట్టడానికి ట్యాంకు తగ్గితే కదా. బండి ఒక్కటే, ఇంజన్ ఒక్కటే, ఎవరూ తప్పు చెప్పట్లేదు. కానీ సర్టిఫికెట్ మీద 50 అని ముద్ర వేసి, ఆ 50ని చూపించి పన్ను తగ్గించమంటే, అక్కడ నాకు అభ్యంతరం.

తర్వాత యూరప్‌లో డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పరీక్ష వచ్చింది. 25 కిలోమీటర్ల ఊహ పోయి, యుటిలిటీ ఫ్యాక్టర్ అనే వక్రరేఖ వచ్చింది. బ్యాటరీ రేంజ్ ఇంత ఉంటే జనం ఇంత శాతం కరెంటు మీద నడుపుతారు అని చెప్పే రేఖ అది. ఊహ కాస్త శాస్త్రీయంగా కనిపించింది కానీ ఊహ ఊహే. అది ఎంత తప్పో తేల్చడానికి వాళ్లు ఒక మంచి పని చేశారు. 2021 నుంచి అమ్మే ప్రతి కొత్త కారులోనూ ఎంత ఇంధనం తాగిందో, ఎంత దూరం పోయిందో కారే లెక్క రాసుకునే మీటర్ తప్పనిసరి చేశారు. ఓబీఎఫ్‌సీఎం అంటారు దాన్ని. ఆ లెక్కలు పోగుచేసి 2024 మార్చిలో యూరోపియన్ కమిషన్ నివేదిక ఇచ్చింది. మామూలు పెట్రోల్, డీజిల్ కార్లు ల్యాబ్ చెప్పినదానికంటే సుమారు 20 శాతం ఎక్కువ తాగుతున్నాయి. ఇది మనకి కొత్తేం కాదు, బ్రోషర్ మైలేజ్‌లో అయిదో వంతు తీసేయాలని మన ఊళ్లలో అందరికీ తెలుసు. ప్లగిన్ హైబ్రిడ్‌ల దగ్గర తేడా శాతాల్లో చెప్పుకునేంత చిన్నది కాదు, మూడున్నర రెట్లు! ల్యాబ్‌లో వంద కిలోమీటర్లకి 1.69 లీటర్లు అని రాసినవి రోడ్డు మీద సగటున 5.94 లీటర్లు తాగాయి. మన లెక్కలోకి మారిస్తే, 59 ఇస్తుందన్నది దాదాపు 17 ఇచ్చింది. ఆ 17ని మన బెంగళూరు ట్రాఫిక్‌లో స్ట్రాంగ్ హైబ్రిడ్ ఏ ప్లగ్గూ లేకుండా దాటేస్తుంది. నాది అలాంటిదే, ఊళ్లో 20కి అటూఇటూగా ఇస్తోంది.

ఈ 17 సగటు కాబట్టి ఇదొక్కటి చూసి ఆగిపోకూడదు. ఐసీసీటీ అనే సంస్థ, జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ పరిశోధకులు కలిసి 2022లో ఒక అధ్యయనం వెలువరించారు. సొంత కార్లని, కంపెనీ ఇచ్చిన కార్లని విడదీసి చూశారు. సొంత డబ్బుతో కొనుక్కున్నవాళ్ల ప్లగిన్ హైబ్రిడ్‌లు వంద కిలోమీటర్లకి 4 నుంచి 4.4 లీటర్లు తాగాయి, అంటే మన లెక్కలో లీటరుకి 23 నుంచి 25. కంపెనీ కార్లు 7.6 నుంచి 8.4 లీటర్లు తాగాయి, అంటే 12, 13. సొంతదారులు సగానికి కాస్త తక్కువ దూరం కరెంటు మీద నడిపితే, కంపెనీ కార్లవాళ్లు నడిపింది 11 నుంచి 15 శాతం. కార్ల తరహా ఒకటే, నడిపే రోడ్లూ అవే. పెట్రోల్ బిల్లు మాత్రం ఒకరి జేబులోంచి పోతోంది, ఇంకొకరికి కంపెనీ కార్డు మీద పోతోంది. అంత తేడా దాంట్లోంచే వచ్చిందని నేననను, కంపెనీ కార్లు దూరాలు ఎక్కువ తిరుగుతాయి, అదీ ఉంది. కానీ ప్రధాన కారణం బిల్లే అని నేను గట్టిగా నమ్ముతున్నా, ఎందుకంటే దాన్ని మా ఇంట్లోనే చూస్తున్నా.

అంతకుముందే, 2018లో, బ్రిటన్‌లో మైల్స్ కన్సల్టెన్సీ అనే సంస్థ దాదాపు 1,500 కంపెనీ ప్లగిన్ హైబ్రిడ్‌ల ఇంధన లెక్కలు బయటపెట్టింది. వాళ్ల మైళ్లు, గ్యాలన్లని మన లెక్కలోకి మారిస్తే, సుమారు 46 ఇస్తాయన్న కార్లు 14 ఇచ్చాయి. కొన్ని కార్లు కంపెనీకి తిరిగొచ్చినప్పుడు ఛార్జింగ్ కేబుల్ కవరు కూడా విప్పకుండా డిక్కీలో అలాగే ఉందట. ప్రభుత్వం ఇచ్చే రాయితీ కోసం ఆ కార్లు కొన్నారు, ప్లగ్గు పెట్టడం కోసం కాదు. అదే ఏడాది అక్కడి ప్రభుత్వం ప్లగిన్ హైబ్రిడ్‌లకి ఆ గ్రాంటు ఆపేసింది. జర్మనీ 2022 చివరితో ఆపింది.

ఇప్పుడు మా బావ సంగతి. ఆయన వైట్‌ఫీల్డ్‌లో ఉంటారు, పెద్ద ఉద్యోగం, కంపెనీ లీజు మీద ఒక విదేశీ బ్రాండ్ ప్లగిన్ హైబ్రిడ్ ఎస్‌యూవీ తీసుకున్నారు. మనిషి బాధ్యత లేనివాడేం కాదు. ఇంట్లో లైటు అనవసరంగా వెలిగితే లేచి వెళ్లి ఆర్పే రకం. కానీ ఆ కారు ఛార్జింగ్ మొహం చూసేది ఎప్పుడో పండక్కి. ఎందుకు బావా అంటే ఆయన చెప్పింది వినండి. పెట్రోల్ బిల్లు స్కాన్ చేసి యాప్‌లో పెడితే నెలాఖరుకి డబ్బులు వచ్చేస్తాయి. కరెంటుకి బిల్లేదీ? ఇంటికి వచ్చే బెస్కాం కరెంటు బిల్లులో ఫ్రిజ్జూ, గీజరూ, కారూ అన్నీ కలిసే వస్తాయి. కారు వాటా ఇంత అని ఎవరు రాసిస్తారు, రాసినా ఆ కంపెనీ పాలసీలో కరెంటు అనే మాటే లేదు. అంటే ఛార్జింగ్ పెట్టిన ప్రతిసారీ ఆయన సొంత డబ్బు పోతుంది, పెట్టకపోతే పైసా పోదు. "నువ్వైతే పెడతావా?" అని అడిగారు. ఆ ఏర్పాటులో నేనూ పెట్టనేమో. ఎవరి మంచితనం మీదో ఆధారపడి దేశం పెట్రోల్ ఆదా చేయలేదు.

ఆ మధ్య బావతో కలిసి నలుగురం ఆ కారులోనే కర్నూలు వెళ్లాం. అడిగి మరీ ముందురోజు రాత్రి ఛార్జింగ్ పెట్టించా, చూద్దామని. తెల్లవారుజామున బయల్దేరేటప్పుడు మీటరులో కరెంటు రేంజ్ నలభై పైన చూపించింది. ఊళ్లో ఉన్నంతసేపు ఎంత హాయిగా ఉందో చెప్పలేను, ఇంజన్ చప్పుడు లేదు, సిగ్నల్ దగ్గర గేరు కుదుపు లేదు. హెబ్బాళ దాటి విమానాశ్రయం రోడ్డు ఎక్కాక రేంజ్ గబగబా పడిపోవడం మొదలైంది. వేగం పెరిగితే గాలి నిరోధం పెరుగుతుంది, కరెంటు బండికైనా అంతే. దేవనహళ్లి దగ్గర ఆ అంకె సున్నాకి వచ్చి, ఇంజన్ అందుకుంది. అక్కడి నుంచి నేను ట్రిప్ మీటర్ కొత్తగా మొదలుపెట్టి చూస్తూ వచ్చా. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, పెనుకొండ, అనంతపురం, గుత్తి, డోన్, దారి పొడవునా ఎప్పుడు చూసినా లీటరుకి 11, 12 మధ్యే. రెండు టన్నులు దాటిన బండి, వందకి పైన వేగం, ఏసీ, నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను. దానికి అంతకంటే ఎక్కువ ఎలా వస్తుంది? అయిపోయిన బ్యాటరీ, దాని మోటారు, ఛార్జరు, వాటిని చల్లబరిచే సరంజామా అన్నీ కలిపి రెండు మూడు వందల కిలోల బరువు. ఆ బరువు మొత్తాన్ని పెట్రోలే మోసుకుని కర్నూలు తీసుకెళ్లింది.

అయితే కర్నూలులో మా ఇంటికి చేరాక ట్రిప్ మొత్తం సగటు చూస్తే అది 13 పైన చూపించింది. కరెంటు మీద పోయిన కిలోమీటర్లు కూడా అందులో కలిశాయి కదా. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మనవాళ్లు నమ్మే లెక్క ట్యాంక్ టు ట్యాంక్. పంపు దగ్గర ఆటో కట్ అయ్యేదాకా నింపి, మళ్లీ నింపినప్పుడు కిలోమీటర్లని లీటర్లతో భాగిస్తాం. పెట్రోల్ కారుకి ఇంతకంటే నిజాయితీ అయిన పద్ధతి లేదు. ప్లగిన్ హైబ్రిడ్‌కి ఇదే పద్ధతి వాడితే కరెంటు కిలోమీటర్లు పైన చేరతాయి, కరెంటు యూనిట్లు కింద చేరవు. అందుకే "మా వాడి కారు 40 ఇస్తోంది" అని వాట్సాప్‌లో తిరిగే ఫొటోలు నిజమైనవే అయినా వాటితో మీకు ఉపయోగం లేదు. ఆ 40 వెనక ఎన్ని యూనిట్లున్నాయో ఫొటోలో కనపడదు.

ఇంకో విషయం, ఇది వాడేవాళ్లలోనే చాలామందికి తెలీదు. ఇలాంటి కార్లలో చాలావాటికి సేవ్ అనీ, ఛార్జ్ అనీ మోడ్‌లుంటాయి. సేవ్ అంటే ఉన్న కరెంటుని తర్వాతకి దాచిపెట్టడం, అది మంచిదే. హైవే అంతా పెట్రోల్ మీద పోయి, కర్నూలు ఊళ్లో కరెంటు మీద తిరగొచ్చు. ఛార్జ్ మోడ్ అంటే ఇంజన్‌తో బ్యాటరీ నింపడం. ప్లగ్గు దొరకనివాళ్లు దీన్ని తెగ వాడతారు, ఉచితంగా కరెంటు వస్తున్నట్టు అనిపిస్తుంది కాబట్టి. ఉచితం ఎక్కడిది? పెట్రోల్‌ని కాల్చి కరెంటు చేసి, బ్యాటరీలో పోసి, మళ్లీ తీసి చక్రానికి ఇస్తున్నారు. ప్రతి చోటా కొంత నష్టమే. మైలేజ్ ఇంకా పడిపోతుంది.

బ్యాటరీ ఉన్నా ఇంజన్ లేచే సందర్భాలూ ఉన్నాయి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే లేస్తుంది, కొన్ని మోడళ్లలో వేగం ఒక హద్దు దాటితే లేస్తుంది, ట్యాంకులో పెట్రోల్ చాన్నాళ్లుగా కదలకపోయినా అప్పుడప్పుడూ తనంతట తాను లేస్తుంది. చలి దేశాల్లో క్యాబిన్ వెచ్చగా ఉంచడానికి కూడా చాలా కార్లు ఇంజన్ మీదే ఆధారపడతాయి, అక్కడి చెడ్డ అంకెలకి అదొక కారణం. బెంగళూరులో ఆ బాధ లేదు. మనకున్నది ట్రాఫిక్. సిల్క్ బోర్డు దగ్గర గంటసేపు నిలబడితే ఏసీ ఒక యూనిట్, యూనిట్టున్నర తినేస్తుంది, అంటే అయిదారు కిలోమీటర్ల రేంజ్ కదలకుండానే ఆవిరి. కానీ మళ్లీ ఆ ట్రాఫిక్‌లో పెట్రోల్ కారు తగలేసే ఇంధనంతో పోలిస్తే అది ఎంత, చాలా తక్కువ. నిజం చెప్పాలంటే మన ఊరి ఆగి కదిలే ట్రాఫిక్, చలి లేని వాతావరణం, రోజుకి ముప్పై నలభై కిలోమీటర్ల ఆఫీసు తిరుగుడు, ఇవన్నీ ప్లగిన్ హైబ్రిడ్‌కి యూరప్ కంటే అనుకూలమే. లేనిదల్లా ప్లగ్గు.

మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోకి ఒకసారి రండి. నా స్లాటు ఒక మూల, మీటర్ రూము ఇంకో మూల. నా ఫ్లాటు మీటరు నుంచి నా స్లాటుకి వైరు లాగాలంటే పైపుల కిందుగా, వేరేవాళ్ల స్లాట్ల మీదుగా, ఫైర్ లైన్ తప్పించుకుంటూ రావాలి. దానికి అసోసియేషన్ అనుమతి కావాలి, శాంక్షన్ లోడు చాలదంటే పెంచుకోవాలి, ఎంసీబీ, ఎర్తింగ్, అన్నీ సరిగ్గా ఉండాలి. కావాల్సింది మామూలు 15 ఆంపుల సాకెట్టే, నాలుగైదు గంటల్లో ప్లగిన్ బ్యాటరీ నిండిపోతుంది. కానీ ఆ సాకెట్టు అక్కడిదాకా రావడానికి నెలలు పడుతోంది. మా టవర్‌లో పూర్తి ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు మాత్రం ఎలాగోలా తిరిగి, కమిటీతో పోట్లాడి మరీ పెట్టించుకున్నారు, ఎందుకంటే ప్లగ్గు లేకపోతే వాళ్ల కారు కదలదు. ప్లగిన్ హైబ్రిడ్ ఉన్నాయనకి ఆ తొందర లేదు. పెట్రోల్ ఉంది కదా, తర్వాత చూద్దాం అంటారు. ఆ తర్వాత అనేది రాదు. పోనీ బయట ఫాస్ట్ ఛార్జర్‌కి వెళ్దామంటే ఈ కార్లలో చాలావాటికి డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ సదుపాయమే ఉండదు. నలభై కిలోమీటర్ల కరెంటు కోసం మాల్ పార్కింగ్‌లో గంటలు కూర్చునే ఓపిక ఎవరికుంది?

కొత్త భవనాల పార్కింగ్‌లో 20 శాతానికి ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని కేంద్రం 2019లో మోడల్ బిల్డింగ్ బైలాస్‌లో చేర్చింది. మంచిదే. కానీ మారతహళ్లి, బ్రూక్‌ఫీల్డ్, కేఆర్ పురం చుట్టూ మన తెలుగువాళ్లు నింపేసిన అపార్ట్‌మెంట్లలో ఎక్కువ భాగం దానికి ముందు కట్టినవే.

డబ్బు లెక్క ఒకటి వేసి చూపిస్తా, మీ అంకెలు పెట్టి మీరూ వేసుకోండి. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబం, అందులో 9,000 ఊళ్లో, 3,000 సొంతూరి ప్రయాణాలు. పెట్రోల్ 103 రూపాయలు, కరెంటు యూనిట్‌కి 7, యూనిట్‌కి అయిదు కిలోమీటర్లు. ప్లగిన్ హైబ్రిడ్ ఖాళీ బ్యాటరీతో 15 ఇస్తుంది అనుకుందాం, మధ్యస్థం సైజు కారు కాబట్టి. రోజూ ఛార్జింగ్ పెడితే ఊళ్లో తిరుగుడుకి 1,800 యూనిట్లు, 12,600 రూపాయలు. హైవేలో బయల్దేరేటప్పటి కరెంటు తీసేస్తే ఓ 2,800 కిలోమీటర్లు పెట్రోల్, దాదాపు 19,000. మొత్తం దాదాపు 32,000. అదే కారుకి ఛార్జింగ్ అసలు పెట్టకపోతే 800 లీటర్లు, 82,000. ప్లగ్గు లేని స్ట్రాంగ్ హైబ్రిడ్ 20 ఇస్తే 600 లీటర్లు, 62,000. అర్థమైందా? ఛార్జింగ్ పెడితే స్ట్రాంగ్ హైబ్రిడ్ కంటే ఏడాదికి 30,000 మిగులు, పెట్టకపోతే 20,000 నష్టం. స్ట్రాంగ్ హైబ్రిడ్ కంటే ప్లగిన్‌కి అయిదు లక్షలు ఎక్కువ పెట్టారనుకోండి, రోజూ క్రమం తప్పకుండా తగిలించినా ఆ అయిదు లక్షలు తిరిగి రావడానికి పదహారేళ్లు దాటుతుంది. కాబట్టి డబ్బు ఆదా కోసం అని ఎవరైనా చెబితే ముందు ధరల పట్టిక తెరవమనండి.

ఇక్కడ ఒక వాదన వస్తుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. ఒక పెద్ద ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకి పట్టే ఖనిజాలతో ఆరు ప్లగిన్ హైబ్రిడ్‌లు, లేదా తొంభై మామూలు హైబ్రిడ్‌లు చేయొచ్చని టొయోటా చాలాకాలంగా చెబుతోంది. లిథియం అందరికీ చాలదు, ఉన్నదాన్ని ఎక్కువమందికి పంచితే మొత్తం మీద పెట్రోల్ ఎక్కువ ఆదా అవుతుంది అన్నది దాని సారాంశం. ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి తెచ్చుకునే దేశంలో ఈ మాటకి బరువుంది, నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ వాదన మొత్తం ఒకే ఒక్క షరతు మీద నిలబడింది, ఆ ఆరుగురూ రోజూ ప్లగ్గు పెట్టాలి. పెట్టకపోతే ఆరు బ్యాటరీలు ఆరు డిక్కీల కింద ఊరికే బరువు మోస్తూ తిరుగుతాయి. అలాంటప్పుడు ఆ ఖనిజాలు తొంభై హైబ్రిడ్‌లకే ఇవ్వడం మేలు, ఎందుకంటే అవి యజమాని అలవాటుతో పని లేకుండా ఆదా చేస్తాయి.

నా అసలు భయం పన్ను గురించి. మన దగ్గర ప్లగిన్ హైబ్రిడ్‌లు ఇప్పటికి ఖరీదైన కార్లలోనే ఉన్నాయి. ఎలక్ట్రిక్ కార్లకి 2019 ఆగస్టు నుంచి 5 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబరు మార్పుల తర్వాత పెద్ద కార్లకి, వాటిలోని హైబ్రిడ్‌లతో సహా, 40 శాతం. ఇంత తేడా ఉన్నప్పుడు మమ్మల్నీ ఆ పక్కన చేర్చండి అని కంపెనీలు అడగడం సహజం, అడుగుతూనే ఉన్నాయి. ఉత్తరప్రదేశ్ 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకీ ప్లగిన్‌లకీ రిజిస్ట్రేషన్ పన్ను తీసేసింది. కంపెనీల సగటు ఇంధన లెక్క చూసే కేఫ్ నిబంధనల్లో ఒక్క ఎలక్ట్రిక్ కారుని మూడు కార్లుగా, ఒక్క ప్లగిన్ హైబ్రిడ్‌ని రెండున్నర కార్లుగా లెక్కేసుకోనిచ్చారు. రెండున్నర! మా బావ కారు కూడా అందులో ఒక రెండున్నరే. మన దగ్గర ఇంతకుముందు ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లకి కేంద్రం పెట్టిన ఫేమ్ అనే పథకంలో మైల్డ్ హైబ్రిడ్‌లకి సబ్సిడీ ఇచ్చి, 2017 ఏప్రిల్ నుంచి ఆపేశారు. పేరు చూసి డబ్బు ఇస్తే ఇలాగే అవుతుంది.

యూరప్ చేసిన దిద్దుబాటు చూడండి, మనం మళ్లీ మొదటి నుంచి తప్పు చేయనక్కర్లేదు. ఆ యుటిలిటీ ఫ్యాక్టర్ రేఖని 2025 నుంచి ఒకసారి, 2027 నుంచి మరోసారి కిందకి దించుతున్నారు. ఐసీసీటీ చూపించిన ఉదాహరణలో బీఎండబ్ల్యూ ఎక్స్1 ప్లగిన్ హైబ్రిడ్‌కి కిలోమీటరుకి 45 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అని ఉన్న అంకె మొదటి దిద్దుబాటుతో 96, రెండోదానితో 122 అవుతుంది. కారులో ఒక్క నట్టు కూడా మారలేదు, ఊహ మాత్రం వాస్తవానికి దగ్గరగా జరిగింది.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. ప్లగిన్ హైబ్రిడ్ మీద కలిపిన మైలేజ్ రాయడం ఆపించాలి. దాని బదులు ఛార్జింగ్ పెడితే కరెంటు మీద ఎన్ని కిలోమీటర్లు, యూనిట్‌కి ఎంత అని ఒక అంకె, బ్యాటరీ ఖాళీ అయ్యాక లీటరుకి ఎంత అని రెండో అంకె, రెండూ ఒకే సైజు అక్షరాల్లో రాయాలి. కార్లలో ఇంధన మీటర్ లెక్క సర్వీసు సెంటర్‌లో తీసి, పేర్లు లేకుండా మోడల్ వారీగా ప్రజల ముందు పెట్టాలి. పన్ను రాయితీ ఇవ్వాలనుకుంటే ఆ మోడల్ నిజంగా తాగిన పెట్రోల్ చూసి ఇవ్వాలి, అంతేగానీ ల్యాబ్ కాగితం చూసి ఇవ్వకూడదు. కంపెనీ లీజు కార్లకి పెట్రోల్ డబ్బులు తిరిగిచ్చేవాళ్లు సబ్‌మీటర్ రీడింగ్ మీద కరెంటు డబ్బులూ ఇవ్వాలి. రెండోది ఇవ్వనప్పుడు ఆ కారుకి పర్యావరణం పేరు మీద ఏ మినహాయింపూ అడగకూడదు.

ఇవన్నీ ఎప్పటికి జరుగుతాయో గానీ, ఈలోగా ఎవరైనా కొనాలనుకుంటే ముందు బేస్‌మెంట్‌కి వెళ్లి మీ స్లాటుకి సాకెట్టు వస్తుందో రాదో అసోసియేషన్‌తో కాగితం మీద తేల్చుకోండి, బుకింగ్ డబ్బు ఆ తర్వాతే కట్టండి. స్లాటుకి సాకెట్టు ఉండి, రోజూ తిరిగేది యాభై లోపై, ఏడాదికి నాలుగైదుసార్లు దూరం వెళ్లే ఇల్లయితే, ధర పడుతుందంటే నిస్సంకోచంగా తీసుకోండి, మీ చేతిలో ఆ కారు చెప్పినంతా చేస్తుంది. టెస్ట్ డ్రైవ్‌కి మాత్రం షోరూమ్ వాళ్లు నిండా ఛార్జ్ చేసిన కారు ఇస్తారు, అది తీసుకుని మురిసిపోకండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయిన కారు అడగండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించి, ఏసీ వేసి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, దేవనహళ్లి దాకా హైవే మీద వెళ్లి రండి. తిరిగొచ్చాక మీటరు మీద ఉన్న ఆ అంకె రాసుకుని, ఆ తర్వాత బేరం మొదలుపెట్టండి.